లక్క వేసిన ముల్లు

నేను ఒక రేడియోని. జేబులో వేసుకుని తిరిగే రకాన్ని కాదు. బల్ల మీద సగం చోటు ఆక్రమించి, నెత్తిన ఒక అల్లికల గుడ్డ కప్పించుకుని, రోజూ పొద్దున్నే తుడిపించుకుంటూ బతికిన పాతకాలపు వాల్వుల రేడియోని. స్విచ్చి వేయగానే వాగడం మా వంశంలో లేదు. లోపలి దీపాలు ఎర్రబడాలి, ఒళ్ళు వెచ్చబడాలి, అప్పుడు గొంతు సవరించుకుని మొదలుపెడతాం. నోరు నాదే కానీ మాట నాది కాదు. ఈ సంగతి మనుషులకు తెలుసు. అయినా వార్త నచ్చితే నన్ను ముద్దుగా తడతారు, నచ్చకపోతే నెత్తిమీద ఒక్కటిస్తారు.

నన్ను కలకత్తాలో తయారుచేశారు. కంపెనీ పరాయి దేశానిది, చెమట ఇక్కడిది. నా టేకు పెట్టెకు పాలిష్ పెట్టిన ముసలాయన పనిచేస్తున్నంతసేపూ ఏదో పడవ పాట కూనిరాగం తీస్తూ ఉండేవాడు. నేను పుట్టి విన్న మొదటి శబ్దం అదే. నా ముందు గాజుపలక మీద ఊళ్ళ పేర్లు వరసగా అచ్చువేశారు: లండన్, పారిస్, కొలంబో, ఢిల్లీ, మాస్కో. ఆ పలక చూసుకుని ప్రపంచమంతా నా పొట్టలో ఉందని చాలాకాలం మురిసిపోయాను. ఆ ఊళ్ళలో ఒక్కదానితోనే పాతికేళ్ళు కాపురం చేయవలసి వస్తుందని అప్పుడు నాకేం తెలుసు.

మొదట నన్ను కొన్నది రేపల్లెలో ధాన్యం మిల్లు నడిపే చెన్నకేశవులు గారు. ఆయనకు ధాన్యం ధరలు కావాలి, ఆయన భార్యకు సిలోన్ పాటలు కావాలి. ఇద్దరి మధ్యా నా ముల్లు అటూ ఇటూ పరుగెత్తి అలిసిపోయేది. ఆ ఇంట్లో నేను నేర్చుకున్నది ఒకటే. మనిషి వార్త కోసం రేడియో దగ్గరకు రాడు. తను అనుకుంటున్నది ఇంకొకరి నోట వినడం కోసం వస్తాడు.

చెన్నకేశవులు గారి అమ్మాయి పెళ్ళిలో సన్నాయి వాయించిన కుర్రవాడి పేరు వీరాస్వామి. మంగలివాళ్ళ అబ్బాయి. పగలు కత్తెర, ముహూర్తాలకు సన్నాయి, రెండూ తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. అతని చెవి మామూలు చెవి కాదు. పందిట్లో ఎవరో గరిటె కింద పడేస్తే అది ఏ స్వరంలో మోగిందో పక్కవాడికి చెప్పి నవ్వేవాడు. అప్పగింతల వేళ అతను వాయించినదానికి మగపెళ్ళివారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. చెన్నకేశవులు గారు పొంగిపోయి ఏం కావాలో అడగమన్నారు. పంచెల చాపు అడుగుతాడనుకుని ఉంటారు. వీరాస్వామి హాల్లోకి తొంగిచూసి నావైపు వేలు పెట్టాడు. కొత్త రేడియోకి అప్పటికే మద్రాసు కబురు పంపి ఉన్నారు కాబట్టి ఆయన దానగుణానికి పెద్ద కష్టం కలగలేదు. నన్ను నెత్తిన పెట్టుకుని, సన్నాయి నడుముకు దోపుకుని, వీరాస్వామి బజారంతా ఊరేగింపుగా నడిచి స్టేషన్ రోడ్డులో తన కొట్టుకు చేర్చాడు.

కొట్టు పేరు సమతా హెయిర్ కటింగ్ సెలూన్. రెండు కుర్చీలు, ఎదురెదురుగా రెండు అద్దాలు, ఒక పొడుగు బల్ల, బల్లమీద పార్టీ పత్రిక. క్షవరానికి వచ్చేవాళ్ళకంటే పత్రిక చదవడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

వీరాస్వామి కమ్యూనిస్టు ఎలా అయ్యాడో చెప్పాలి. సిద్ధాంతం పుస్తకాల్లోంచి ఎక్కుతుందని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు. వీరాస్వామికి అది ‘గారు’ అన్న మాటలోంచి ఎక్కింది. చిన్నప్పుడు తండ్రి వెంట పెద్దిళ్ళకు క్షవరాలకు వెళితే పెరటి అరుగు దాటనిచ్చేవారు కాదు. ముసలి తండ్రిని పాలు తాగే పిల్లలు కూడా ‘ఒరేయ్’ అనేవారు. ఒకరోజు పార్టీ మనిషి ఒకాయన కొట్లోకి వచ్చి, అదే బల్లమీద పక్కన కూర్చుని, “వీరాస్వామిగారూ, మంచినీళ్ళుంటే ఇప్పిస్తారా?” అని అడిగాడు. అడిగి, ఇచ్చిన గ్లాసుతోనే తాగాడు. అంతే. అందరూ అందరినీ ‘గారు’ అని పిలుచుకునే దేశం ఎక్కడుందని వీరాస్వామి అడిగాడు. ఆయన మాస్కో పేరు చెప్పాడు. ఆ ఊరి పేరు నా గాజుపలక మీదే ఉంది. అప్పుడే నా తలరాత తేలిపోయింది.

రోజూ దీపాలు పెట్టే వేళకు మాస్కో నుంచి తెలుగులో ఓ అరగంట కార్యక్రమం వచ్చేది. అక్కడి దొరసానిని పెళ్ళాడి స్థిరపడిన మన తెలుగాయన ఎవరో వార్తలు చదివేవారు. ఆయన పేరు ఏదైతేనేం, మా బజారులో అందరూ ఆయన్ని మాస్కో అల్లుడుగారు అనేవారు. ఒక సాయంత్రం వీరాస్వామి మంచినీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి ఎవరో నా మర తిప్పి సినిమా పాట పెట్టారు. వెతికి వెతికి మాస్కో పట్టేసరికి అల్లుడుగారు సెలవు తీసుకుంటున్నారు. మర్నాడు వీరాస్వామి ముల్లు తిప్పే మరను ఊడబెరికి మంగలిపొదిలో దాచేశాడు. పోస్టాఫీసులో సీళ్ళు వేసే ఎర్ర లక్క తెచ్చి, కరిగించి, మర ఊడిన పుల్ల చుట్టూ పోశాడు. గుర్తుగా గాజు మీద మాస్కో దగ్గర ఒక చుక్క పెట్టాడు.

“రేడియోకి బొట్టు పెట్టావేందయ్యా, పెళ్ళి చేస్తన్నావా?” అంది కొత్తగా కాపురానికి వచ్చిన అతని భార్య.

ఆమె పేరు సామ్రాజ్యం. ఊరేగింపుల్లో సామ్రాజ్యవాదం నశించాలని అందరికంటే గట్టిగా అరిచి ఇంటికొచ్చిన మనిషి గడపలో నిలబడి “సామ్రాజ్యం, కాసిని మంచినీళ్ళియ్యి” అనడం బజారుకంతటికీ వినోదంగా ఉండేది. ఆమె మాత్రం ఏ వాదానికీ లొంగని మనిషి.

ఆ లక్కకు ఒక సంప్రదాయం కూడా ఏర్పడింది. చలికాలం వచ్చినప్పుడొకసారి, ఎండాకాలం వచ్చినప్పుడొకసారి మాస్కో స్టేషను తన చోటు కొంచెం పక్కకు జరుపుకునేది. ఆ సంగతి అల్లుడుగారు ముందే చెప్పేవారు. ఆరోజు వీరాస్వామి తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, కత్తి కాల్చి పాత లక్క తీసి, పొదిలోంచి మర తెచ్చి తగిలించి, ముల్లును వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ లక్క వేసేవాడు. బల్లమీద ఉన్నవాళ్ళందరికీ టీలు. ఇంట్లో వినాయకచవితి కూడా చేయనివ్వని మనిషి ఈ పండగ మాత్రం ఏటా రెండుసార్లు చేశాడు. మిగతా వేళల్లో అదే చోట ఏ భాషలో ఏం వచ్చినా వినేవాడు. రష్యన్ వార్తలు మొదలైతే గడ్డం గీస్తూనే తల ఊపేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థంకాని మాటను నమ్మడం సులువని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది. అంతరిక్షానికి వెళ్ళిన ఆడమనిషి గురించి నా నోటే విన్న వీరాస్వామి పిల్లకు వలెంతీనా అని పేరు పెట్టాడు. సామ్రాజ్యం ఆ పేరు రెండుసార్లు పలికి చూసి, నోరు తిరగక, వల్లి అనేసింది. ఊరు తల్లి పక్షం వహించింది.

వల్లి కొట్లోనే పెరిగింది. తండ్రి అటు వెళ్ళగానే సబ్బుపెట్టె ఎక్కి నిలబడి పక్కింటి పిల్లల తలలు కత్తిరించేది. బాగానే కత్తిరించేది. ఒకసారి వీరాస్వామి చూశాడు. కత్తెర లాక్కుని వీపుమీద ఒక్కటి వేశాడు. ఆ పిల్లను అతను కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. “ఈ చేతులు కత్తెర పట్టకూడదు. పట్టినయ్యంటే నేను బతికింది దండగ” అన్నాడు. కొట్టినందుకు తనే తర్వాత దూరంగా కూర్చుని ఏడ్చాడు. ఆ మనిషికి దేశం మారాలనీ ఉండేది, ప్రపంచం మారాలనీ ఉండేది. కానీ అన్నిటికంటే కిందన, అన్నిటికంటే బలంగా ఉన్న కోరిక ఇదొక్కటే.

వల్లి బాగా చదివింది. పార్టీవాళ్ళు ఆ దేశంలో డాక్టరు చదువుకు సీటు ఇప్పించారు. తిండి, గది, చదువు అన్నీ వాళ్ళవే. రైలెక్కించిన రోజు స్టేషన్ రోడ్డు కొట్లన్నీ మూశారు. పక్కకొట్టు దర్జీ కరీముల్లా తన చేత్తో కుట్టిన ఉన్ని కోటు ఇచ్చాడు. రేపల్లె ఎండలో ఆ కోటు వేసుకుని చూపించమని అందరూ బలవంతం చేస్తే పిల్ల చెమటతో తడిసిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్ళు వీరాస్వామి కాళ్ళు నేలమీద ఆనలేదు. వచ్చినవాడికల్లా గడ్డానికి నురగ పెట్టి కదలకుండా చేసి, కూతురి సంగతులు చెప్పేవాడు. పారిపోవడానికి వీల్లేక వాళ్ళు విన్నారు.

చెడ్డ కబుర్లు ముందుగా కరీముల్లా ట్రాన్సిస్టర్‌లో వచ్చాయి. వాడికి లండన్ నుంచి వచ్చే ఉర్దూ వార్తలు వినే అలవాటు. “వీరాసామన్నా, అక్కడ రొట్టెల కోసం జనం మంచులో వరసలు కడతన్నారంట” అనేవాడు, సూదిలో దారం ఎక్కిస్తూ. “లండనోడు మన మంచి ఎప్పుడు చెప్పాడు కరీముల్లా?” అని వీరాస్వామి కొట్టిపారేసేవాడు. నా దగ్గర ఆ వార్త లేదు. నా దగ్గర ఉక్కు ఉత్పత్తి ఉంది, గోధుమ పంట ఉంది, సామూహిక వ్యవసాయ క్షేత్రంలో పాటలు పాడుతున్న యువతులున్నారు. వాటిలో నిజమెంతో నన్నడిగి లాభం లేదు.

ఆ చలికాలం ఒక సాయంత్రం అల్లుడుగారు మర్నాటి కార్యక్రమంలో రేపల్లె విద్యార్థిని మాట్లాడుతుందని చెప్పారు. మర్నాడు జనం కొట్లో పట్టలేదు. మిల్లు చెన్నకేశవులు గారు కూడా చేతికర్ర పట్టుకుని వచ్చారు. సామ్రాజ్యం గడపమీద కూర్చుంది. నేను ముందే వెచ్చబడి సిద్ధంగా ఉన్నాను.

“అందరికీ నమస్కారం” అంది వల్లి నాలోంచి. “మా నాన్నగారూ, కొట్లో పెద్దలందరూ వింటున్నారని తెలుసు. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. బయట మంచు కురుస్తున్నా గదులు వెచ్చగా ఉంటాయి. రొట్టెకూ పాలకూ ఏ లోటూ లేదు. బయటివాళ్ళు చెప్పేవి నమ్మకండి.”

ఇంకా ఏదో చెప్పబోయి ఒక క్షణం ఆగింది. తర్వాత అల్లుడుగారి గొంతు వచ్చేసింది. కొట్టంతా చప్పట్లు కొట్టారు. చెన్నకేశవులు గారు “వీరాస్వామిగారూ, అదృష్టవంతులండీ” అన్నారు. ఆయన నోట ఆ ‘గారు’ రావడం అదే మొదలు. వీరాస్వామి చప్పట్లు కొట్టలేదు. తల కొంచెం పక్కకు వంచి, నా జాలీ దగ్గర చెవి పెట్టి, ఆ గొంతు ఇంకా అక్కడ ఉందేమోనన్నట్టు నిలబడ్డాడు. చెన్నకేశవులు గారి మాట వినపడ్డాక తల ఎత్తి నవ్వాడు.

జనం వెళ్ళాక సామ్రాజ్యం లేచింది. “పిల్ల తిన్నట్టు లేదయ్యా” అంది.

“మాస్కో స్టేషన్లో నిలబడి దాని నోటితో అది చెప్పింది. నీకింకేం కావాలి?”

“ఏం చెప్పిందో నేను వినలేదు. గొంతు విన్నా. దాన్ని పిలిపించు.”

పిలిపించడానికి వీలూ వచ్చింది. ఎండాకాలంలో ఆ దేశం వెళుతున్న పార్టీ ప్రతినిధులు, కావాలంటే తిరిగివచ్చేటప్పుడు అమ్మాయిని వెంట తీసుకొస్తామన్నారు. చాలామంది తమ పిల్లల్ని రప్పించుకుంటున్నారని కూడా నెమ్మదిగా చెప్పారు. సామ్రాజ్యం మూడుపూటలా అదే మాట అడిగింది. వంట మానేసి అడిగింది.

“పిలిపిస్తే ఏమనుకుంటారు?” అన్నాడు వీరాస్వామి చివరికి. “ఊరందరూ విన్నాక పిల్లని రప్పిస్తే, మరి అది చెప్పింది అబద్ధమా అనరా? రేపు ఈ కొట్లో ఎవరి మొహం చూసేది?”

ప్రతినిధులు వెళ్ళారు, వచ్చారు. వల్లి రాలేదు. నేను చెక్కతో, గాజుతో చేసినదాన్ని. నాకు కోపం రాకూడదు. ఆరోజు మాత్రం వచ్చింది.

శ్రావణమాసం ముసురులో ఒక సాయంత్రం రైల్వే గుమాస్తా పానకాలరావు గారు గడ్డం చేయించుకోవడానికి కూర్చున్నారు. ఒక చెంప అయింది. రెండో చెంప మీద కత్తి ఉండగా అల్లుడుగారు వార్తలు మొదలుపెట్టారు. అధ్యక్షుడికి ఒంట్లో బాగాలేదన్నారు. ఒక కమిటీ బాధ్యతలు తీసుకుందన్నారు. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉందన్నారు. మాటల్లో తప్పేమీ లేదు. ఏ రోజు వార్తలైనా ఇంత సవ్యంగానే ఉండేవి.

వీరాస్వామి కత్తి ఆగిపోయింది.

“శ్రుతి తప్పింది” అన్నాడు.

“ఏంటయ్యా?” అన్నారు పానకాలరావు గారు, కత్తి కింద కదలడానికి భయపడుతూ.

“పాతికేళ్ళ నించి వింటన్నా. ఆయన ఎప్పుడూ ఒకటే శ్రుతిలో చదువుతాడు. ఇయ్యాల పైకి పోయింది. వాక్యం చివర ఊపిరి చాలట్లేదు. భయపడతన్నాడండీ ఈయన.”

అలా అని, ఆ కత్తినే దీపం మీద కాల్చాడు. నా దగ్గరకు వచ్చి లక్క తీయడం మొదలుపెట్టాడు. ఈసారి తలస్నానం లేదు, టీలు లేవు. లక్క ముక్కలు ముక్కలుగా నేల మీద రాలింది. మంగలిపొది బోర్లించి మర వెతికి తగిలించాడు. ఇన్నేళ్ళూ వెంట్రుకవాసి జరగడం తప్ప ఎరగని నా ముల్లు మొరాయించింది. రెండు చేతులతో పట్టి తిప్పాడు. కొలంబోలో ఎవరో పాడుతున్నారు. ఢిల్లీలో ఎవరో సంస్కృతం చదువుతున్నారు. “లండన్ ఎక్కడ కరీముల్లా?” అని కేకవేశాడు. కరీముల్లా చేతిలో బట్టతో సహా పరుగెత్తుకొచ్చి వేలు పెట్టి చూపించాడు. లండన్‌వాడు వీధుల్లో యుద్ధట్యాంకులున్నాయని చెప్పాడు. కరీముల్లా ఒక్కో వాక్యమే తెలుగులో చెబుతుంటే, సామ్రాజ్యం గడపలో నిలబడి వింది. పానకాలరావు గారు ఒక చెంప నురగ ఎండిపోతూ అలాగే కూర్చున్నారు. మిగతా సగం ఆయన ఇంటికెళ్ళి గీసుకున్నారని తర్వాత తెలిసింది.

ఆ రోజునుంచి నాకు ఊపిరి తిరగనివ్వలేదు. పొద్దున్న లేవగానే ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పేవాడు. ప్రపంచంలో ఇన్ని గొంతులున్నాయని అతనికి అప్పుడే తెలిసినట్టుంది. ఏ గొంతులోనూ వల్లి కబురు లేదు. ఆమె ఉన్న హాస్టలుకు ఫోను కలవలేదు. పార్టీ కార్యదర్శి మొదట “పార్టీ కనుక్కుంటుంది” అన్నాడు. తర్వాత “కనుక్కుంటున్నాం” అన్నాడు. తర్వాత క్షవరానికి గాంధీబొమ్మ దగ్గర వేరే కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఆ ఏడాది చివరలో ఒక సాయంత్రం అల్లుడుగారు, ఫలానా దేశం ఇక లేదని చెప్పారు. చలి ఎంత ఉందో చెప్పినంత మామూలుగానే చెప్పారు. దేశాలు కూలితే పెద్ద చప్పుడవుతుందని నేననుకునేదాన్ని. బల్లమీద కాగితం ముడుచుకుపోయిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కొన్నాళ్ళకు ఆ అరగంట మాకు అందడం మానేసింది. ఆపేశారో, ఇంకో చోటికి మార్చారో, ఈసారి ముందుగా చెప్పినవాళ్ళు లేరు. లక్క చుక్క ఉన్నచోట బుసబుస తప్ప మిగల్లేదు.

వీరాస్వామి కొట్టు మూయలేదు. వచ్చినవాళ్ళకు క్షవరం చేశాడు. తను మాత్రం ఎవరిచేతా చేయించుకోలేదు. జుట్టు మెడ దాటింది, గడ్డం గుండెలకు దిగింది. సామ్రాజ్యం ఒక్కసారి కూడా “నేను చెప్పానుగా” అనలేదు. ఆ మాట అని ఉంటే అతనికి కొంచెం తేలికపడేదని నా ఉద్దేశం.

మరుసటి ఎండాకాలం, మధ్యాహ్నం బండికి వల్లి దిగింది. ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా కొట్లోకి వచ్చి సంచి కింద పెట్టింది. మనిషి సగమైంది. కరీముల్లా కుట్టిన కోటు లేదు. కుర్చీలో ఉన్నాయన లేచి నిలబడ్డాడు. సామ్రాజ్యాన్ని ఎవరో కేకేసుకొచ్చారు. ఆమె కూతురి మొహాన్నీ, మణికట్లనూ, వేళ్ళనూ ఒక్కొక్కటే తడిమి చూసి, అన్నం వండడానికి వెళ్ళిపోయింది.

బజారంతా కొట్లో చేరింది. ఈసారి ఆమె గొంతు నాలోంచి రావలసిన పనిలేదు. నా స్విచ్చి ఎవరూ వేయలేదు.

“పరీక్ష అయిపోయింది నాన్నా. పాసయ్యాను. పట్టా మీద ఏ దేశం పేరు వేయాలో వాళ్ళకే తెలీక నెలరోజులు తిప్పారు” అంది వల్లి. నవ్వబోయి మానేసింది.

“అక్కడ ఏం జరిగిందమ్మా?” అని అడిగారు పానకాలరావు గారు. “అసలు మనం అనుకున్నదంతా అబద్ధమేనా?”

“అబద్ధం కాదండీ. నాకు చదువు చెప్పారు, ఒక్క పైసా అడగలేదు. మా హాస్టలు కాపలా ముసలమ్మ తన రొట్టెలో సగం విరిచి పెట్టేది. అదీ నిజమే. రెండు చలికాలాలు ఆకలితో ఉన్నాను. అదీ నిజమే. చివరి ఏడాది వాళ్ళిచ్చే డబ్బుకు పూటకు సరిపడా బంగాళాదుంపలు కూడా రాలేదు.”

“మరి ఎట్టా బతికావమ్మా?” అన్నాడు కరీముల్లా.

వల్లి తండ్రివైపు చూసింది. “కత్తెర పట్టాను నాన్నా. హాస్టల్లో పిల్లలకీ, ప్రొఫెసర్లకీ జుట్టు కత్తిరించాను. తలకొక రొట్టె ఇచ్చేవాళ్ళు.”

వీరాస్వామి ఖాళీ కుర్చీ పట్టుకుని అడిగాడు. “ఆరోజు రేడియోలో అట్టా చెప్పమని ఎవరైనా బలవంతం చేశారా?”

“ఎవరూ చెయ్యలేదు నాన్నా.”

“మరి ఎందుకు చెప్పావు?”

“నువ్వు ఇందరితో కూర్చుని వింటావని తెలుసు. వీళ్ళందరి ముందూ నిన్ను తలదించుకోనివ్వడం నాకిష్టం లేకపోయింది. ఆకలిగా ఉంది వచ్చేస్తానని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను.”

నేను గొప్ప గొప్ప ప్రకటనలు చదివాను. ఇంత కష్టమైనది ఒక్కటీ చదవలేదు. ఒక దేశం ఎందుకు కూలిపోయిందో చెప్పడానికి పెద్ద పెద్ద వాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు తెలిసినది ఒక కొట్టు సంగతే. తండ్రికి నచ్చే మాట కూతురు చెప్పింది, ఊరికి నచ్చే మాట తండ్రి నమ్మాడు. ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు.

“కూర్చో నాన్నా” అంది వల్లి. “ఇదేం జుట్టు?”

వీరాస్వామి ఆ కుర్చీ వెనక నిలబడి జీవితమంతా గడిపినవాడు. దానిలో కూర్చోవడం నేను చూడలేదు. ఆరోజు కూర్చున్నాడు. వల్లి తెల్లగుడ్డ విదిలించి మెడ చుట్టూ కట్టింది. బల్లమీదనుంచి కత్తెర తీసి, వేళ్ళకు తగిలించుకుని, గాలిలో రెండుసార్లు ఆడించి చూసుకుంది. వీరాస్వామి ఆ చప్పుడు విని కళ్ళు మూసుకున్నాడు. వద్దనలేదు. తెల్లజుట్టు గుత్తులుగా ఒళ్ళో పడుతుంటే, అద్దంలోకి కూడా చూడకుండా, కూతురికి మాత్రమే కాకుండా కొట్టుకంతటికీ వినబడేలా చెప్పాడు.

“నీ గొంతు ఆరోజు అరస్వరం కిందుందమ్మా. మీ అమ్మ ఒక్కతే కాదు, నేనూ విన్నాను. విని, ఊరుకున్నాను.”

వల్లి కత్తెర ఒక్క క్షణం ఆగింది. తర్వాత చెవి పక్కన మిగిలిన జుట్టు నెమ్మదిగా కత్తిరించింది.

ఆ తర్వాత నా ముల్లుకు మళ్ళీ ఎవరూ లక్క వేయలేదు. వీరాస్వామి పార్టీ సభ్యత్వం మానలేదు. ‘గారు’ అనడం మానలేదు. మే నెల మొదటి రోజున జెండా కట్టడం మానలేదు. కానీ ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే, మాటలు వదిలేసి గొంతు వినేవాడు. వల్లి మన దేశపు పరీక్ష ఏదో మళ్ళీ రాసి, పక్క ఊళ్ళో సర్కారు ఆస్పత్రిలో చేరింది.

వీరాస్వామి పోయాక కొట్టు అద్దెకు పోయింది. అద్దాలతో, కుర్చీలతో పాటు నన్నూ బెజవాడ పాతసామాన్ల కొట్టుకు తూకానికి వేశారు. నాకు పక్కన ఒక ఇత్తడి గంగాళం, ఒక గోడగడియారం కాపురముంటున్నాయి. అప్పుడప్పుడు హోటళ్ళ వాళ్ళు అలంకారానికి పాత వస్తువుల కోసం వచ్చి, నన్ను ఎత్తి చూసి, గాజు మీద ఎర్రమరక గోటితో గీకుతారు. అది పోదు. తర్వాత, “మర లేదేంటండీ?” అని కొట్టు యజమానిని అడుగుతారు.

మర వల్లి దగ్గరుంది. సామాను వేసిన రోజు వచ్చి, దాన్ని ఒక్కదాన్నీ ఊడదీసి, చేతిసంచిలో వేసుకుని వెళ్ళింది.